గిర్ని మోతలో నిలిచిన అంకె

పోయిన బేస్తవారం ములకలపల్లి సంతలో హేమ్లి పరువు నలుగురి ముందూ ఎట్లా పోయిందో చూశాం. జంపక్క నడిపే సంఘం ఆడవాళ్లు అడవిలో రాల్చుకొచ్చిన చింతపండును రాజేష్ సేటు కాంటా మీద కాకుండా తమ సొంత కాంటా మీద తూచుకోవాలని ముచ్చటపడ్డారు. టేకులపల్లి తండా పిల్ల హేమ్లి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది కాబట్టి ఆ పని నెత్తిన వేసుకుని, నాలుగు నెలలు కూర్చుని కరెంటు కాంటా ఒకటి తయారుచేసింది. తీరా బస్తా ఎక్కించగానే ఎర్రంకెలు నలభై ఒకటి అన్నాయి, నలభై నాలుగన్నాయి, పక్కనున్న పిండిగిర్ని మొదలయ్యేసరికి నలభై ఒకటికీ నలభై ఐదుకీ మధ్య దరువేశాయి.

రాజేష్ సేటు వెక్కిరించలేదు. మర్యాదగా ఒక మాట అన్నాడు. "వచ్చే బేస్తవారం ఇదే జాగ, ఇదే గిర్ని. ఒక్క బస్తాను మూడుసార్లు పెడదాం. మూడుసార్లూ ఒక్కటే అంకె చూపిస్తే ఈ సీజన్ అంతా మీ మిషన్ మీదనే కొంట. చూపియ్యకపోతే మళ్ల నా కాంటానే. సరేనా జంపక్కా?"

"సరే," అంది జంపక్క, హేమ్లిని అడగకుండానే.

అట్లా చేతిలో ఏడంటే ఏడు రోజులు పెట్టుకుని, ఆ డబ్బాను పాత చీరలో మూటగట్టి, హేమ్లి కొత్తగూడెం బస్సెక్కింది. దిగి నేరుగా వెళ్లింది మజహర్ దుకాణానికి.

మజహర్‌కు అరవై దగ్గరపడుతున్నాయి. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకూ ఉర్సులకూ జాతరలకూ మైకుసెట్లు బాగుచేస్తున్నాడు. ఆయన చేయిపడిన ఆంప్లిఫైయర్‌లో మనిషి గొంతు తప్ప 'గుయ్' అనే మోత వినబడదని ఆ చుట్టుపక్కల పేరు. డిప్లొమా చదివే రోజుల్లో సెలవులకు హేమ్లి ఆయన దగ్గరే టంకం వేయడం నేర్చుకుంది. అందుకే ఆమెకు ఆయన ఉస్తాద్.

ఉస్తాద్ కళ్లద్దాలు సర్దుకుని డబ్బా మూత తీశాడు. లోపలికి తొంగిచూశాడు. వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఏక్, దో, తీన్... తొమ్మిది. తొమ్మిది చిప్పులు! బేటా, ఇది కాంటానా, టెలిఫోన్ ఎక్స్ఛేంజా?"

హేమ్లి ముఖం ఎర్రబడింది. "అన్నీ అవసరమైనయే ఉస్తాద్. ఇది మొదటి ఆంప్లిఫైయర్. తట్ట కిందికెళ్లి వచ్చే సిగ్నల్ చిన్నగుంటది గద, దాన్ని పెద్దగ చేస్తది. గిర్ని మోటర్‌కెళ్లి తీగలకెక్కే కరెంటు మోత గూడ పెద్దగైంది. అందుకని మోతను ఆపనీకి ఇగో ఈ ఫిల్టర్. దానితోటి పోలే. ఇంకో ఫిల్టర్ పెట్టిన."

"మంచిది. మరి ఇది?"

"రెండు ఫిల్టర్లు పెట్టేసరికి సిగ్నల్ గూడ తగ్గింది. అందుకని మళ్ల పెంచనీకి."

"ఇది?"

"అది పెంచినప్పుడు సున్నా జరిగింది. సున్నాను వెనక్కి తేనీకి."

"ఇది?"

హేమ్లి డబ్బాలోకి వంగి చూసింది. "అది... దాని పక్కదానివల్ల వచ్చిన తకరారు సరిచేయనీకి."

మజహర్ నవ్వు ఆపుకుందామని చూశాడుగానీ భుజాలు కదిలిపోయాయి. లోపల వంటింట్లోంచి ఆయన భార్య రజియా తొంగిచూసి, "పిల్లను ఏడిపియ్యకు," అని హెచ్చరించింది.

"ఏడిపిస్తలేను. నవ్వుతున్న," అంటూ ఆయన టంకం కడ్డీ ప్లగ్గు పెట్టాడు. వేడెక్కగానే రెండో చిప్పు కాళ్ల మీద ఆనించబోయాడు. హేమ్లి చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఏం చేస్తున్నరు ఉస్తాద్?"

"తీస్తున్న."

"తీస్తే ఎట్ల? నాలుగు నెలలు కష్టపడ్డ! ఒక్కో చిప్పు ఎందుకు పెట్టిన్నో పుస్తకంల రాసుకున్న. మీరు చూడకుంటనే పీకేస్తే..."

సంతలో అంతమంది నవ్వినప్పుడు కూడా రాని నీళ్లు ఇప్పుడు కళ్లలోకొచ్చాయి. మజహర్ కడ్డీని స్టాండు మీద పెట్టేశాడు. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"నీ నాలుగు నెలలు యాడికి పోవు. నీ తలకాయల ఉంటయ్. చిప్పులే పోతయ్. సరే, నువ్వే చెప్పు, నేను అడుగుత. తట్ట కిందికెళ్లి ఎన్ని తీగలొస్తున్నయ్?"

"బరువు చెప్పేయి రెండు."

"కిలో బరువు పెడితే ఆ రెంటి నడుమ తేడా ఎంత?"

"వోల్టుల పదివేలో వంతు."

"అంత చిన్నదా! మరి గిర్ని మోటర్ నడిచినప్పుడు వచ్చే మోత, ఏ తీగ మీదికొస్తది?"

"రెంటి మీదికి."

"ఒక్కతీరుగనేనా?"

"పక్కపక్కనుంటే ఒక్కతీరుగనే రావాలె."

"అయితే ఒక తీగ మీదిదాంట్లకెళ్లి ఇంకో తీగ మీదిది తీసేస్తే మోత ఏమైతది?"

"పోతది. తేడా ఒక్కటే మిగులుతది. అదే బరువు." హేమ్లికి కోపం వచ్చింది. "నాకు తెల్వదా ఉస్తాద్? డిఫరెన్షియల్ ఆంప్లిఫైయర్ అంటే అదే గద. పరీక్షల పది మార్కులకు రాసిన. నా మొదటి చిప్పు చేసే పని గదే."

"చేస్తలేదు," అన్నాడు మజహర్ నెమ్మదిగా. "అది సరిగ్గ చేస్తలేదు గాబట్టే దాని ఎనక ఎనిమిదిమందిని కూలికి పెట్టినవ్. ఒక్కొక్కడు వచ్చినప్పుడల్లా వాని సొంత మోత గూడ తెచ్చిండు. పని చేయనోన్ని సరిచేయకుంట, వాని ఎనక ఇంకొకన్ని పెట్టుకుంట పోతే ఎట్ల?"

ఆయన మీటరు తీసి హేమ్లి చేతికిచ్చాడు. మొదటి చిప్పు చుట్టూ ఉన్న నాలుగు రెసిస్టర్లూ కొలవమన్నాడు. నాలుగింటి మీదా ఒకే రంగు పట్టీలు. నాలుగూ పదివేల ఓములని హేమ్లికి కళ్లు మూసుకున్నా తెలుసు. ఒక్కోదానికి ఒక కాలు విప్పి కొలిచింది. ఒకటి తొమ్మిదివేల ఎనిమిది వందల డెబ్భై. రెండోది పదివేల రెండు వందల పది. మూడోది పదివేల నలభై. నాలుగోది నమ్మలేక రెండుసార్లు కొలిచింది. తొమ్మిదివేల ఆరు వందల తొంభై.

"తరాజు దండె ఒకపక్క పొడుగు, ఒకపక్క పొట్టి ఉందనుకో," అన్నాడు మజహర్. "రెండు తట్టలల్ల సమానంగ పెట్టినా ఏమైతది?"

"ఒకపక్కకు ఒంగుతది."

"ఇదీ అంతే. మోత రెండు తీగల మీద సమానంగనే వచ్చింది. నీ దండె వంకర. అందుకని తీసేయాల్సిన మోతల కొంత బరువులెక్క కనబడ్డది. ఇంకోటి చూడు. ఈ తీగ సీదా వచ్చింది. ఆ తీగ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు తిరిగి వచ్చింది. తొవ్వలు వేరైతే ఇద్దరికీ మోత ఒక్కతీరుగ ఎట్ల అంటుతది?"

హేమ్లి డబ్బాలోకి చూసింది. ఆ తీగను అటువైపు తిప్పింది తనే. ఎందుకంటే మూడో చిప్పుకూ నాలుగో చిప్పుకూ జాగా కావాల్సి వచ్చింది. మోతను ఆపడానికి పెట్టిన చిప్పే మోతకు దారి చేసింది. ఆ సంగతి అర్థమయ్యేసరికి ఆమెకు ఏడుపు పోయి నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా.

"కడ్డీ ఇటియ్యుండ్రి ఉస్తాద్," అంది. "నేనే పీకుత."

ఆ మధ్యాహ్నం ఎనిమిది చిప్పులు ఊడొచ్చాయి. ఉన్న ఒక్కదాన్నీ మార్చేశారు. ఒకే చిప్పులో నాలుగు ఆంప్లిఫైయర్లుండే రకం మజహర్ దగ్గరుంది. అందులో మూడు చాలు. ముందు రెండూ ఒక్కో తీగను అందుకుంటాయి. వాటి మధ్య ఒకే ఒక్క రెసిస్టర్. పెంచేది తేడాను మాత్రమే. రెండింటికీ ఉమ్మడిగా వచ్చిన మోత వచ్చినంతే ఉండిపోతుంది. మూడోది ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది. నాలుగోది ఖాళీగా కూర్చుంటుంది.

"అది గూడ ఏదన్న పనికి..." అని హేమ్లి అనబోయింది. ఉస్తాద్ చూపు చూసి నోరు మూసుకుంది.

ఇక మిగిలింది రెసిస్టర్లు ఏరడం. మజహర్ ఒక పొట్లం తెచ్చి దులిపాడు. నూట నలభై. అందులో అచ్చంగా ఒకేలాంటివి నాలుగు దొరకాలి. వయసు మీదపడి చివరి అంకెలు తనకు ఆనడం లేదని ఆయన ఒప్పుకున్నాడు. అప్పుడు రజియా చేతులు తుడుచుకుంటూ వచ్చి మీటరు ముందు కూర్చుంది. బియ్యంలో రాయిని అంత దూరం నుంచి పట్టే కళ్లు ఆమెవి. హేమ్లి రెసిస్టర్ పెడుతుంటే ఆమె అంకె చదివేది, హేమ్లి పాత పేపరు మీద రాసేది. ముప్పై రెండోది కొలుస్తుండగా రజియా ఆగింది.

"ఇది ఒక్కతాన నిలుస్తలేదు బేటీ. పెట్టినప్పుడు ఒక అంకె, ఇప్పుడొక అంకె."

"పాడైందేమో చాచీ."

"కాదు. నువ్వు ఏళ్లతోటి పట్టుకున్నప్పుడే మారుతున్నది. ఇడిసిపెడితే మళ్ల ఎనక్కి వస్తున్నది. నీ చెయ్యి వెచ్చదనం తలుగుతున్నట్టుంది."

హేమ్లి చటుక్కున చెయ్యి తీసేసింది. మజహర్ అయితే దుకాణం గుమ్మం దాకా వెళ్లి, ఎదురు చెప్పులషాపాయనను పిలిచి మరీ చెప్పాడు, తన బేగం ఏం కనిపెట్టిందో. మొదటి ముప్పై రెండూ మళ్లీ కొలవాల్సి వచ్చింది, ఈసారి పటకారుతో. రెండో రోజు సాయంత్రానికి చివరి అంకె దాకా కలిసే నాలుగు దొరికాయి. తీగలు రెంటినీ హేమ్లి తాడులా పురిపెట్టింది. చిప్పున్న చిన్న బోర్డును తట్ట కిందే, తీగలు జానెడు కూడా లేకుండా బిగించింది. కొత్త నీళ్ల డబ్బాలు తెచ్చి, లీటరుకు కిలో లెక్కన తూకం సరిపెట్టింది. ఆ తర్వాత మజహర్ పక్కనే డ్రిల్లు నడిపాడు. రజియా మిక్సీలో పప్పు వేసింది. అంకె కదల్లేదు.

*

బేస్తవారం పొద్దున సంత అప్పుడే నిండుతోంది. ఎండు చేపల వాసన, కొత్త చీపుర్ల దుమ్ము, గాజులమ్మే ఆమె అరుపులు. సంఘం ఆడవాళ్లు చింతపండు బస్తాల పక్కన వరుసగా కూర్చున్నారు. వాళ్ల ముందు నడుముకు కొంగు దోపి జంపక్క నిలబడింది. ఆమె తమ్ముడు దూలయ్య అందరికంటే హుషారుగా ఉన్నాడు. సంతలో బస్తాలు మోసే మనిషి. నలభై కిలోల బస్తాను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుతాడు. ఎత్తి దించేలోగా ఒక జోకు వేస్తాడు.

"మేనకోడలా, ఈసారి నీ మిషన్ ఎగిరితే నేనే కాలుతోటి తొక్కిపట్టుకుంట," అన్నాడు హేమ్లితో. ఆయనకు ఊళ్లోని ఆడపిల్లలందరూ మేనకోడళ్లే.

మజహర్ కూడా వచ్చాడు. హోటలు ముందు స్టూలేసుకుని చాయ్ చెప్పి, తనకేమీ సంబంధం లేనట్టు కూర్చున్నాడు.

రాజేష్ సేటు తెల్ల చొక్కా నలగకుండా వచ్చి, గిర్ని ఆయనతో, "ఇయ్యాల మిరపకాయలు పట్టు, మోటర్ గట్టిగ గుంజాలె," అన్నాడు. గిర్ని గుర్రుమంది. హోటలు గోడ అదిరింది. హేమ్లి స్విచ్చి వేసింది. అంకెలు సున్నా మీద నిలబడ్డాయి.

దూలయ్య బస్తా పెట్టాడు. అంకెలు పరుగెత్తి, పరుగెత్తి, ఆగాయి. నలభై మూడు కిలోల రెండు వందలు.

"దించు," అన్నాడు రాజేష్. "మళ్ల పెట్టు."

నలభై మూడు కిలోల రెండు వందలు.

మూడోసారి పెట్టేటప్పుడు సంత సగం అక్కడే ఉంది. గిర్నిలో మిరపకాయలు నలిగి ఘాటు లేచి, అందరూ తుమ్ముతూనే చూస్తున్నారు. నలభై మూడు కిలోల రెండు వందలు. ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు. దూలయ్య ఈలేశాడు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. జంపక్క హేమ్లి చెంపలు రెండూ పట్టుకుని మెటికలు విరిచింది.

"ఆగుండ్రి," అన్నాడు రాజేష్.

ఆయన తన మనుషులను పిలిచి అదే బస్తాను తన కాంటాకు ఎక్కించాడు. అటు తట్టలో రెండు ఇరవై కిలోల ఇనుప తూకం బాట్లు పెట్టాడు. ముల్లు సరిగ్గా మధ్యకొచ్చి నిలిచింది.

"నలభై," అన్నాడు. "నా కాంటాల నలభై. మీ మిషన్ల నలభై మూడు మీద పడె. పోయిన వారం ఎగిరెగిరి తప్పు చెప్పింది. ఇప్పుడు కదలకుంట నిలబడి తప్పు చెప్తున్నది. నిలబడుడు నేర్పినవ్ గానీ బిడ్డా, నిజం చెప్పుడు నేర్పలే."

నవ్వులు లేచాయి. ఈసారి సంఘం ఆడవాళ్లలో కూడా ఒకరిద్దరు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

హేమ్లి వంగి డబ్బా అంచు తడిమింది. బస్సు కుదుపులకు తూకం సరిచేసే స్క్రూ తిరిగిందా? కావచ్చు. మజహర్ వైపు చూసింది. ఆయన చాయ్ ఊదుకుంటున్నాడు. ఆ మనిషి లేచిరాడని ఆమెకు తెలిసిపోయింది. తన కాంటా తనే నిలబెట్టుకోవాలి.

పోయిన వారం అంకెలు నలభై ఒకటికీ నలభై ఐదుకీ మధ్య ఎగిరాయి. అప్పుడందరూ ఎగరడమే చూశారు. ఎక్కడ ఎగిరాయో ఎవరూ చూడలేదు, తను కూడా. ఆ బస్తా కూడా సేటు కాంటా మీద నలభై తూగిందే, అంకెలు మాత్రం అన్నీ నలభైకి పైనే. ఒక్కసారి కూడా నలభైకి దిగలేదు.

"సేటూ," అంది హేమ్లి. "మీ దుకాణంల ఉప్పు పాకెట్లు ఉన్నయా?"

"ఉన్నయ్. ఎందుకు?"

"కిలో పాకెట్లు. సీలు తీయనియి. ఇరవై గావాలె. నా తూకం మీరు నమ్మరు, మీ తూకం నేను నమ్మ. ఉప్పు కంపెనీకి మన లొల్లితోని ఏం పని?"

ఎవరో పకపకా నవ్వారు. ఈసారి నవ్వు అటువైపు తిరిగింది. తన దుకాణం ఉప్పును తనే కాదనలేక రాజేష్ తల ఊపాడు. దూలయ్య పరుగున వెళ్లి ఒళ్లో పట్టినన్ని పట్టుకొచ్చాడు, మళ్లీ వెళ్లి తెచ్చాడు. అందరూ కలిసి లెక్కపెడుతూ మిషన్ మీద పేర్చారు. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై.

ఇరవై కిలోల ఒక వంద.

"ఆ వంద ప్లాస్టిక్ కవర్లది," అన్నాడు మజహర్ స్టూలు మీద నుంచే. ఆ రోజు ఆయన మాట్లాడింది ఆ ఒక్క మాటే.

ఉప్పు దించారు. ఇప్పుడేం చేయాలో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. జంపక్క తనే వంగి, రాజేష్ ఇరవై కిలోల బాటును రెండు చేతులతో ఎత్తి మిషన్ మీద పెట్టింది.

ఇరవై ఒక్క కిలోల ఆరు వందలు.

రెండో బాటు. ఇరవై ఒక్క కిలోల ఆరు వందలు.

ఒక్కో బాటు కిలోన్నరకు మించి ఎక్కువ. అంటే నలభై అని తూచిన ప్రతిసారీ మూడు కిలోలకు పైగా చింతపండు ఊరికే అటు పోయింది. ఎండలో చెట్లెక్కి రాల్చి, పిక్కలు తీసి, గంపల్లో మోసుకొచ్చిన చింతపండు. ఎన్ని బేస్తవారాలు? ఎన్ని సీజన్లు? వరుసలో కూర్చున్న ఆడవాళ్లు ఒకరొకరే లేచి నిలబడ్డారు.

హేమ్లి రాజేష్ ముఖం చూసింది. దొరికిపోయినవాడి ముఖం ఎట్లా ఉంటుందో ఆమె ఊహించుకుంది. అట్లా లేదు. ఆయన నోరు తెరుచుకుని ఆ అంకెను చూస్తున్నాడు. చప్పున మోకాళ్ల మీద కూర్చుని, తెల్ల చొక్కా మాసిపోతున్నా చూసుకోకుండా, బాటును తలకిందులు చేశాడు. అడుగున అరచెయ్యంత లోతైన గుండ్రటి గుంట. దాన్నిండా సీసం. గోరుతో గీకితే మెరిసింది.

"మా అమ్మ తోడు, నాకు తెల్వదు," అన్నాడు. "నేను ఎన్నడు కింద చూడలే. పాత దుకాణమాయన ఎత్తేసిపోయినప్పుడు కొన్న ఇయి. నాలుగేండ్లయింది."

"ఎవరికాడ కొన్నవ్?" జంపక్క గొంతు పెద్దగా లేదు.

రాజేష్ లేచి నిలబడ్డాడు. ఒకసారి సందేహించాడు.

"నన్ను అడుగుడెందుకు అక్కా? అమ్మినాయన నీ పక్కనే ఉన్నడు."

దూలయ్య చేతుల్లో ఇంకా ఐదారు ఉప్పు పాకెట్లున్నాయి. ముఖం మీద ఇందాకటి నవ్వు దిగడం మరిచిపోయినట్టు అట్లాగే ఉంది. జంపక్క తిరిగి చూసింది. చిన్నప్పుడే తల్లి పోతే చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు.

"దూలయ్యా?"

"అవ్ అక్కా. ఆ దుకాణమాయన సామాను అమ్మిపెట్టింది నేనే." ఆయన ఒక్కో పాకెట్టూ వంగి కింద పెట్టాడు, పగిలిపోతుందేమో అన్నంత నెమ్మదిగా. "గానీ సీసం పోసింది నేను గాదు. పోయించింది ఎవరో నాకు తెలుసు. తెలిసే నాలుగేండ్లు నోరు మూసుకున్న."

"ఎవరు?"

దూలయ్య రాజేష్ వైపు చూడలేదు. అక్క వైపూ చూడలేదు. నిలబడి ఉన్న సంఘం ఆడవాళ్ల వరుస మీదుగా ఆయన చూపు మెల్లగా కదులుతూ పోయి, మూడో ఆమె దగ్గర ఆగిపోయింది.